షటిల్ ఆడిన చేతికి పికిల్‌బాలా, పాడెలా?

మహబూబ్‌నగర్ నుంచి ఒక లెక్చరర్ సార్ అడిగిన ప్రశ్న ఇది. వయసు 42. కాలేజీ రోజుల్లో షటిల్ బాగా ఆడారు, పదిహేనేళ్లుగా రాకెట్ ముట్టలేదు. మెట్లెక్కితే కుడి మోకాలు కొంచెం నొస్తుంది. హైదరాబాద్‌లో ఉండే బామ్మర్ది ఒక ఆదివారం పాడెల్‌కు, అంటే అద్దాల గోడల మధ్య రాకెట్‌తో ఆడే ఆటకు, తీసుకెళ్లాడు. ఆట తెగ నచ్చింది, కానీ చిత్తుగా ఓడిపోయి వచ్చారు. ఇటు కాలనీలో దోస్తులు షటిల్ కోర్టులోనే, చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఆడే పికిల్‌బాల్ మొదలుపెట్టారు. భార్య, పదమూడేళ్ల పాప కూడా ఆడతామంటున్నారు. ఏది నేర్చుకోవాలి, ఏం కొనాలి అని అడిగారు.

సార్, ముందే చెప్పేస్తాను: పికిల్‌బాల్. పాడెల్ తక్కువ ఆటని కాదు. నిజం చెప్పాలంటే చూడటానికి, ఆడటానికి నాకు పాడెలే ఎక్కువ ఇష్టం. కానీ కొత్త ఆట చేతికి పట్టుబడాలంటే వారానికి నాలుగు రోజులు ఆడాలి. జడ్చర్ల దగ్గర హైవే ఎక్కి, హైదరాబాద్ ట్రాఫిక్‌లో పడి, గంట ఆడి, మళ్లీ వంద కిలోమీటర్లు వెనక్కి రావడం నెలకోసారి అయితే సరదాగానే ఉంటుంది. వారానికి రెండుసార్లంటే ఇంట్లో వాళ్ల కన్నా ముందు మీ నడుమే ఒప్పుకోదు. నేను నల్లగొండ జిల్లాలో ఇరవై ఆరేళ్లు పీఈటీగా చేశాను. ఏ ఆటైనా సరే, కోర్టు ఇంటికి దగ్గరున్న పిల్లలే చివరిదాకా ఆడారు.

ఇంకో కారణం కూడా ఉంది. పికిల్‌బాల్ పుట్టిందే షటిల్ కోర్టులో. 1965లో అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో జోయెల్ ప్రిచర్డ్ అనే ఆయన ఇంటి ఆవరణలో షటిల్ కోర్టు ఉండేది. ఆడదామంటే సామాను దొరకలేదు. టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతి పట్టుకుని ఆయన, ఆయన స్నేహితుడు బిల్ బెల్ ఇద్దరూ ఇంట్లో వాళ్లతో కలిసి ఏదో ఒకటి ఆడటం మొదలుపెట్టారు. బంతి నేల మీద బాగా లేస్తోందని నెట్ కిందికి దించారు. తర్వాత బార్నీ మెకల్లమ్ అనే ఇంకో స్నేహితుడు కలిశాడు. ముగ్గురూ కలిసి రూల్స్ రాసుకున్నారు. మన పిల్లలు ఇటుకలు పేర్చి వికెట్లు చేసుకున్నట్టే పుట్టిన ఆట ఇది. అందుకే కోర్టు కొలత ఇప్పటికీ షటిల్ డబుల్స్ కోర్టుదే: పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు.

అంటే మీ కాలనీ కోర్టులో కొత్తగా గీయాల్సింది దాదాపు ఏమీ లేదు. షటిల్‌లో షార్ట్ సర్వీస్ లైన్ నెట్‌కు ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది. పికిల్‌బాల్‌కు 7 అడుగుల దగ్గర గీత కావాలి. ఆ లైన్‌కు ఆరంగుళాలు వెనక్కి, రెండు వైపులా, వేరే రంగు టేపు అంటించండి, చాలు. సింగిల్స్ పక్క గీతలను, డబుల్స్ వెనక సర్వీస్ గీతను లేనట్టే చూడండి. నెట్‌ను పోల్ దగ్గర 36 అంగుళాలకు దించి కట్టండి. మధ్యలో 34 అంగుళాలే ఉండాలి. తాడు కాస్త వదులు చేస్తే ఆ రెండంగుళాలు దానంతట అదే కిందికి జారుతుంది, టేపు పెట్టి ఒకసారి కొలుచుకోండి. షటిల్ నెట్ లోతు రెండున్నర అడుగులే కాబట్టి కింద నాలుగైదు అంగుళాల సందు మిగులుతుంది. దాంతో ఇబ్బందేమీ లేదు. మా దగ్గర ఏడాదిన్నర అలాగే ఆడాం. ఒక్క షరతు, నేల మాత్రం గట్టిదై ఉండాలి, సిమెంటైనా చెక్కైనా పర్వాలేదు. మట్టి కోర్టులో ఆ బంతి చచ్చిపోతుంది. మా బడి గ్రౌండ్‌లో బాల్ బ్యాడ్మింటన్ కోర్టు మీద ప్రయత్నించి చూశాను, బంతి లేవడం లేదు, పడిన చోటే కూర్చుంటోంది.

పాడెల్ కోర్టుకు ఇలాంటి సర్దుబాట్లు కుదరవు. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, వెనక నిలువెత్తు అద్దాలు, వాటి పైన, పక్కల జాలీ, కింద ఇసుక చల్లిన కృత్రిమ గడ్డి. ఎవరైనా డబ్బు పెట్టి కట్టాల్సిందే. మీరు చూశారు కదా, పెద్ద అక్వేరియంలా ఉంటుంది. ఆ ఆట 1969లో మెక్సికోలోని అకాపుల్కోలో, ఎన్రికే కోర్క్వేరా అనే ఆయన ఇంట్లో పుట్టింది. గోడలు కూడా ఆటలో భాగమే అన్నదే దాని ప్రాణం. అక్కడి నుంచి స్పెయిన్ వెళ్లి పెరిగింది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. పికిల్‌బాల్ బ్యాటును ప్యాడిల్ అంటారు. ఆ అద్దాల ఆట పేరేమో పాడెల్. మన నోట్లో రెండూ ఒకటే. మా అక్క కొడుకు నా కోసం ప్రేమగా ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే పాడెల్ రాకెట్ వచ్చింది. మందంగా, బరువుగా, మొహమంతా చిల్లులు. దాంతో పికిల్‌బాల్ కొడితే దిండుతో కొట్టినట్టుంది. అప్పటి నుంచి పిల్లలకు ఒకటే గుర్తు చెబుతున్నాను: పికిల్‌బాల్‌లో చిల్లులు బంతికి, పాడెల్‌లో చిల్లులు బ్యాటుకి. ఇక పికిల్ అన్న పేరు విని మా వీధిలో ఆడవాళ్లు అడిగేది వేరే. "సారూ, తొక్కు ఆటకు పోతున్నరా?"

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీరు షటిల్ ఆడారు కాబట్టి సులువని మీ దోస్తులు అనే ఉంటారు. చూపు, కాలు, నెట్ దగ్గర మెత్తగా వదిలే చెయ్యి ఉన్నాయి కాబట్టి సగం నిజమే. మిగతా సగం తలనొప్పి. షటిల్‌లో కాక్ నేల తాకిందంటే పాయింట్ పోయినట్టే. మనకు ఒళ్లంతా అదే భయం. ఈ రెండు ఆటల్లోనూ నేర్చుకోవాల్సిన మొదటి పాఠం, బంతిని కింద పడనివ్వడం.

పికిల్‌బాల్‌లో సర్వ్ చేసిన బంతి అవతల ఒక టప్పా పడాలి, వాళ్లు తిప్పి కొట్టిన బంతి మన వైపు కూడా ఒక టప్పా పడాలి. ఆ తర్వాతే గాలిలో కొట్టొచ్చు. నేను మొదటి వారం సర్వ్ చేసి అలవాటు కొద్దీ ముందుకు ఉరికేవాణ్ని. బంతి మొహం మీదికి వచ్చేది, గాలిలోనే కొట్టేసేవాణ్ని, ఫాల్ట్. ఒక్క సాయంత్రం తొమ్మిదిసార్లు అయ్యింది. లెక్కపెట్టింది నేను కాదు, నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడు, లెక్కపెడుతూ నవ్వాడు. దానికి మందు ఒకటే. సర్వ్ కొట్టాక వెనక గీత అవతలే ఉండి, మనసులో "పడనీ" అనుకోండి.

రెండోది కిచెన్. ఆ 7 అడుగుల గీతకు, నెట్‌కు మధ్య జాగా అది. మా వాళ్లు వంటిల్లు అంటారు. అందులో నిలబడకూడదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. ఎప్పుడైనా వెళ్లొచ్చు, టప్పా పడిన బంతిని అందులో నిలబడి కొట్టొచ్చు కూడా. గాలిలో ఉన్న బంతిని మాత్రం అక్కడి నుంచి కొట్టకూడదు. కాలి వేలు గీత మీద ఉన్నా ఫాల్టే. గీత బయటే నిలబడి స్మాష్ కొట్టి, ఆ ఊపులో లోపలికి అడుగు పడినా ఫాల్టే. షటిల్ వాళ్లు పోగొట్టుకునే పాయింట్లలో ఎక్కువ ఇవే. ఎగిరి కొడతారు, చప్పట్లు పడతాయి, కాలు వంటింట్లో ఉంటుంది.

కాబట్టి మొదటి నెల స్మాష్ మరిచిపోండి. డింక్ నేర్చుకోండి. అంటే గీత దగ్గర నిలబడి, టప్పా పడిన బంతిని మణికట్టు కదపకుండా, భుజం నుంచి మెల్లగా తోసి, అవతలి వంటింట్లో పడేయడం. షటిల్‌లో మణికట్టే మన ఆస్తి. ఇక్కడ దాన్ని కట్టేయాలి. మీరు, మేడం ఎదురెదురుగా నిలబడి, కోర్టుకు వెళ్లిన ప్రతిసారీ పది నిమిషాలు అదొక్కటే ఆడండి. యాభై దాకా తెగకుండా వెళ్లిన రోజు మీకు ఆట వచ్చినట్టే. ఈ విషయంలో మేడం మీకన్నా ముందుండే అవకాశం ఉంది. ఎప్పుడూ రాకెట్ పట్టని వాళ్లకు మరిచిపోవాల్సిన అలవాట్లు ఉండవు కదా.

స్కోరు మొదట్లో తికమకగా ఉంటుంది. డబుల్స్‌లో మూడు అంకెలు చెప్పాలి: మన స్కోరు, అవతలి స్కోరు, మన జంటలో సర్వ్ చేసేది మొదటి మనిషా రెండో మనిషా. ఆట మొదలయ్యేది "జీరో, జీరో, టూ" అని. ఎందుకంటే మొట్టమొదట సర్వ్ చేసే జంటకు ఒక్కరికే అవకాశం. 11 పాయింట్లు, రెండు తేడాతో గెలవాలి. సర్వ్ చేసే వాళ్లకే పాయింటు వస్తుంది, పాత షటిల్ లెక్కలాగ. మన వయసు వాళ్లకు అది బాగా గుర్తే.

వెనక్కి పరుగు గురించి చెప్పకుండా ఉండలేను. తల మీదుగా లాబ్ వస్తే షటిల్ వాళ్లం చూపు బంతి మీదే పెట్టి వెనక్కి వెనక్కి అడుగులేస్తాం. రెండేళ్ల కింద నేను అలాగే వేస్తూ సిమెంటు మీద పడ్డాను. చెయ్యి ఆన్చాను, ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు పట్టీ. మా ఆవిడ ఆ ఆరు వారాలూ అన్నం కలిపి పెడుతూ ఏమన్నదో ఇక్కడ రాయను. లాబ్ వస్తే ముందు ఒళ్లు పక్కకు తిప్పండి, తర్వాత పరుగెత్తండి. అందకపోతే "పోనీ" అని వదిలేయండి, ఒక్క పాయింటే కదా. ఇంకో మాట. గీత దగ్గర నలుగురూ నిలబడితే బంతికీ కంటికీ మధ్య దూరం చాలా తక్కువ. మామూలు కళ్లద్దాలు సరిపోవు, స్పోర్ట్స్ కళ్లజోడు కొనుక్కోండి. పాపకైతే తప్పనిసరిగా.

పాడెల్‌లో మీరు ఎందుకు ఓడారో నేను చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే నేనూ అలాగే ఓడాను. హైదరాబాద్‌లో పాత శిష్యుడొకడు తీసుకెళ్లాడు. గంటకు రెండు వేల దాకా అయ్యింది, నలుగురం పంచుకున్నాం. మొదటి గేమ్‌లోనే బంతి నన్ను దాటి వెనక్కి పోయింది. అయిపోయింది కదా అని రాకెట్ దించి, బంతి తెచ్చుకోవడానికి తిరిగాను. అది వెనక అద్దానికి తగిలి, నా నడుము ఎత్తున, మెల్లగా, "కొట్టు సారూ" అన్నట్టు నా ముందుకే వచ్చింది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. రెండో టప్పా పడ్డాక గాని బుర్ర పనిచేయలేదు.

అందులో రూలు సులువే. అవతలి వాళ్లు కొట్టిన బంతి ముందు మన నేల మీద పడాలి, తర్వాత అద్దానికి తగలొచ్చు. రెండో టప్పా పడకముందే మనం కొట్టాలి. నేల తాకకుండా నేరుగా మన అద్దానికి తగిలితే అది వాళ్ల తప్పు. సర్వ్ కూడా భయపడాల్సిందేమీ కాదు, బంతిని ఒకసారి నేల మీద వేసి నడుము కన్నా పైకి పోకుండా కొట్టాలి, రెండు ఛాన్సులుంటాయి. స్కోరు టెన్నిస్‌దే. దాదాపు ఎప్పుడూ డబుల్సే. రాకెట్‌కున్న తాడు మణికట్టుకు తప్పకుండా వేసుకోవాలి, అది అలంకారం కాదు. చెమట చేతిలోంచి జారితే పార్ట్‌నర్ పళ్లు రాలతాయి.

కష్టమంతా అద్దం లెక్కలోనే ఉంది. బంతి ఎంత వేగంతో వస్తే అద్దం నుంచి ఎంత దూరం లేస్తుంది, మూలలో రెండు అద్దాలకు తగిలితే ఎటు తిరుగుతుంది, ఇవి పుస్తకం చదివితే రావు. వంద సార్లు మోసపోతేనే వస్తాయి. ఆ వంద సార్లకు ఇంటి దగ్గర కోర్టు ఉండాలి. నా వాదన ఇదొక్కటే.

మోకాలి గురించి. చాలామంది పికిల్‌బాల్ మోకాళ్లకు మంచిదని సులువుగా చెప్పేస్తారు. అంత సూటిగా లేదు. పరుగు తక్కువే, 82 చదరపు మీటర్ల కోర్టులో నలుగురుంటారు. పాడెల్ కోర్టు 200. కానీ బంతి తక్కువ ఎత్తే లేస్తుంది కాబట్టి పదే పదే మోకాళ్లు వంచాలి, పైగా కింద సిమెంటు. పాడెల్‌లో గడ్డి, ఇసుక కాలిని కొంచెం జారనిస్తాయి, కానీ అద్దం కోసం గిర్రున తిరగాలి. ముందు ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఆడొచ్చు అంటే మొదటి నెల రోజు విడిచి రోజు, గంట మించకుండా డబుల్స్ మాత్రమే. సింగిల్స్ జోలికి పోకండి. నడుము వంచి బంతి తీసే అలవాటు మానండి, లేకపోతే మోకాలు బాగుండి నడుము పోతుంది.

కొనే సంగతి. ప్యాడిల్ లోపల తేనెపట్టులాంటి ప్లాస్టిక్ గూడు ఉన్నది, 220 గ్రాముల అటూ ఇటూ బరువున్నది తీసుకోండి. మొదటిది రెండు మూడు వేల లోపే చాలు. సెట్టుతో వచ్చే చౌక చెక్క బ్యాట్లు వద్దు, బరువుకు మోచెయ్యి లాగుతుంది, పాపకైతే మరీను. పిడి మందం చూసుకోండి: పట్టుకున్నాక వేళ్లకూ అరచేతికీ మధ్య ఇంకో చేతి వేలు ఒకటి పట్టాలి. బంతులు రెండు రకాలు. ఆరుబయటికి 40 చిన్న చిల్లులవి, లోపల ఆడితే 26 పెద్ద చిల్లులవి. వాకింగ్ షూ, రన్నింగ్ షూ వేసుకుని వెళ్లకండి. అవి ముందుకు పోవడానికే, పక్కకు అడుగేస్తే చీలమండ మెలిక పడుతుంది. మీ పాత షటిల్ షూ అటక మీద ఉంటే కూడా వద్దు, పదిహేనేళ్లకు అడుగు ఊడిపోయి ఉంటుంది. పాడెల్ రాకెట్ అసలు కొనకండి, అక్కడే అద్దెకిస్తారు. పదిసార్లు ఆడాక చూద్దాం.

ఎండ గురించి పాలమూరు వాళ్లకు నేను చెప్పేదేముంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దు గూకినా సిమెంటు సెగ వదలదు, ఏడు దాటాకే దిగండి. ఆ వేడికి ప్లాస్టిక్ బంతి మెత్తబడుతుంది. కోర్టు పక్కన ఎండలో పెట్టకుండా బ్యాగులోనే ఉంచండి. అంతకన్నా పెద్ద శత్రువు ఆషాఢం గాలి. పాతిక గ్రాముల చిల్లుల బంతి, మీరు ఒకచోట కొడితే గాలి ఇంకోచోట పడేస్తుంది. ఆ నెలలో ఎక్కడైనా హాలు దొరికితే సరే, లేకపోతే డింకులే ఆడుకోండి. పొద్దున్నే ఆడేవాళ్లు శబ్దం సంగతి కూడా చూసుకోవాలి. షటిల్ కాక్ చప్పుడు ఎవరికీ వినిపించదు, ఇది మాత్రం టక్కు టక్కుమని మూడిళ్ల దాకా పోతుంది. మా పక్క బిల్డింగ్ పెద్దమ్మ అయిదున్నరకే కోర్టు దగ్గరికొచ్చి, "కొడుకా, వడ్లు దంచుతున్నరా?" అని అడిగింది. ఆ మరుసటి రోజు నుంచి ఆరున్నరకే.

పాప విషయం ఒక్కటి వేరుగా చూడండి. సరదాకు, ఒళ్లు వంగడానికి అయితే మీతోనే ఆడించండి, ఒకే కోర్టులో తల్లీ తండ్రీ పిల్లా కలిసి ఆడగలిగే ఆటలు తక్కువ. పోటీలకు పోవాలని ఉంటే, 2025లో కేంద్ర క్రీడా శాఖ ఇండియన్ పికిల్‌బాల్ అసోసియేషన్‌ను జాతీయ సమాఖ్యగా గుర్తించింది, దారి అయితే పడింది. కానీ చదువుల్లో పనికొచ్చే సర్టిఫికెట్ల మీద ఆశ ఉంటే, నన్నడిగితే ఇంకా షటిలే ఆడించమంటాను. పదమూడేళ్ల పిల్ల షటిల్ నేర్చుకుంటే ఈ రెండూ ఎప్పుడైనా పట్టేస్తుంది. ముందే పికిల్‌బాల్‌తో మొదలుపెడితే తర్వాత షటిల్‌కు కావాల్సిన ఆ ఎగురు, ఆ పరుగు అంత తొందరగా రావు.

ఇక మీ బామ్మర్ది. ఆయన మళ్లీ పిలుస్తాడు, వెళ్లండి. రెండు నెలలు కాలనీలో డింక్ ఆడి ఉంటారు కాబట్టి చెయ్యి మెత్తబడి ఉంటుంది. పాడెల్‌లో నెట్ దగ్గర నిలబడిన జంటదే పైచెయ్యి. పోయినసారి ఆయన అక్కడే పాతుకుపోయి మిమ్మల్ని వెనక అద్దం దగ్గర ఉరికించి ఉంటాడు. ఈసారి గట్టిగా కొట్టకండి. ఆయన తల మీదుగా, ఎత్తుగా, తీరిగ్గా ఒక లాబ్ వేయండి, వెనక రెండు అద్దాలు కలిసే మూలకు పడేట్టు. ఆయన వెనక్కి తిరిగి పరుగెత్తగానే మీరు, మీ పార్ట్‌నర్ ఇద్దరూ కలిసి నెట్ దగ్గరికి నడిచిపోండి. బంతి ఆ మూల నుంచి ఎటు వస్తుందో ఆయనకు కూడా పూర్తిగా తెలియదు.